బీడింగు వెనక ఏముంది?

పాత కారుకి తుప్పు ఎక్కడ మొదలవుతుంది? ఎవర్నడిగినా కిందనో, చక్రాల దగ్గరో, బురద పట్టే చోటనో అంటారు. నేనూ అలాగే అనుకునేవాణ్ని. మా మామయ్య కారు చూశాక తెలిసింది, అందం కోసం పెట్టిన చోట కూడా మొదలవుతుందని. కారు పక్కన ముందు నుంచి వెనక్కి తళతళలాడుతూ ఒక బద్దీ ఉంటుంది చూడండి... మెకానిక్కులు బీడింగు అంటారు. పాత కార్లలో దాని వెనక వరసగా చిన్న చిన్న చిల్లులుంటాయి. బీడింగు ఉన్నంతకాలం అవి ఎవరికీ కనిపించవు. కారుకి గండం మాత్రం అక్కడే.

మామయ్యది కృష్ణపట్నం. నెల్లూరు నుంచి ముత్తుకూరు మీదుగా వెళ్తే కండలేరు సముద్రంలో కలిసే చోటు. 2008లో పోర్టు మొదలయ్యాక ఊరి పేరు దేశమంతా తెలిసింది గానీ, ఆ గాలి ఎలాంటిదో ఊళ్లో ఆడవాళ్లకి ఎప్పట్నుంచో తెలుసు. డబ్బాలో ఉప్పు రాత్రికి రాత్రే చెమ్మగిల్లుతుంది. కిటికీ ఊచలకి రంగు వేసి ఏడాది తిరక్కుండానే పొరలు లేస్తాయి. సైకిలు గొలుసు వారం తుడవకపోతే ఎర్రబడుతుంది. అలాంటి ఊళ్లో గుడ్డ టాపు కారు పెట్టుకున్న మనిషి మా మామయ్య. "అందరూ కారు కొనేది ఎండా వానా తగలకుండా ఉండేదానికి. ఈయన మాత్రం అవి తగిలేదానికే కొన్నాడు" అంటుంది మా అత్తయ్య.

ఆ కారు ట్రయంఫ్ హెరాల్డ్ 1200. హెరాల్డ్ 1959లో ఇంగ్లండులో పుట్టింది. దానికి రూపం గీసినవాడు ఇటలీకి చెందిన మికెలోట్టి. 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్లు దాన్నే స్టాండర్డ్ హెరాల్డ్ పేరుతో తయారుచేశారు. ఆ రోజుల్లో మన రోడ్ల మీద కారంటే అంబాసిడర్, ఫియట్, లేదంటే ఇదే. మామయ్యది మాత్రం మద్రాసు బండి కాదు. నెల్లూరులో ఒక డాక్టరుగారు ఇంగ్లండులో చదువుకుని తిరిగొస్తూ ఓడలో తెచ్చుకున్న టాపు మడిచే రకం. 1979లో ఆయన ఊరు మారుతూ అమ్మకానికి పెడితే, గుడ్డ కప్పు కారని ఎవరూ ముందుకు రాలేదట. లెక్కల మాస్టరు జీతం మీద కారు కొనగలిగానంటే అదే కారణమంటాడు మామయ్య. బానెట్ ఎత్తితే రెండు పక్కలా మడ్‌గార్డులు కూడా దాంతోపాటే లేస్తాయి. చిన్నప్పుడు మాకది పెద్ద వింత. కారు నోరు తెరిచిందని కేకలేసేవాళ్లం.

ఇక నా తప్పు సంగతి.

2012లో కారుకి కొత్త రంగు వేయించారు. దానికోసం బీడింగులు విప్పుతుంటే వెనక పట్టి ఉంచే స్ప్రింగు క్లిప్పులు బిస్కట్లలా విరిగిపోయాయి. కొత్తవి ఎక్కడా దొరకలేదు. "ఎట్టా అల్లుడూ?" అని మామయ్య నన్నడిగాడు. కార్ల గురించి నాలుగు పుస్తకాలు చదివినవాణ్ని కదా, వెంటనే చెప్పేశాను. "చిల్లులు కొంచెం పెద్దవి చేసి ఇనుప స్క్రూలు బిగించెయ్యి మామా. నీళ్లు దిగకుండా బీడింగు చుట్టూ పైనా కిందా సిలికాన్ పూసెయ్యి" అని. ఆయన నమ్మాడు. మనవాడు చెప్పాడంటే నమ్ముతాం కదా!

ఆ సంక్రాంతికి ప్రతి స్క్రూ కింద నుంచీ ఒక గోధుమరంగు చార. రెండేళ్లకి బీడింగు పొడవునా రంగు పొక్కులు. 2015 వానల తర్వాత బీడింగులన్నీ విప్పి, పాత పంచెలో చుట్టి అటక మీద పెట్టేశాడు మామయ్య. చిల్లులకి లప్పం పెట్టించాడు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అనుంటే బాగుండేది.

ఎందుకలా అయింది? తర్వాత తీరిగ్గా తెలుసుకుంటే నేను చేసినవి మూడు తప్పులు.

మొదటిది, తడంటే వాన ఒక్కటే అనుకోవడం. సముద్రపు గాలిలో వచ్చిన ఉప్పు సందుల్లో చేరుతుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే చాలు, ఆ ఉప్పు గాలిలోంచే నీళ్లు లాక్కుని తనంతట తానే కరుగుతుంది. తీరంలో ఎన్ని రాత్రులు అంతకంటే పొడిగా ఉంటాయి చెప్పండి? బీడింగు ముందు పక్క ఎండకి ఆరుతుంది. వెనక పక్క ఎండా ఉండదు, గాలీ ఉండదు. నేనేమో పైనా కిందా సిలికాన్‌తో మూసేసి, లోపలికి దిగిన తడికి బయటికి దారి కూడా లేకుండా చేశాను.

రెండోది, రెండు లోహాల తగాదా. ఉప్పునీళ్లలో రెండు వేర్వేరు లోహాలు ఒకదానికొకటి తగిలి ఉంటే అది చిన్న బ్యాటరీయే. వాటిలో ఒకటి తిని ఇంకోదాన్ని కాపాడుతున్నట్టుగా ఒకటి కరుగుతూ, రెండోది నిక్షేపంలా ఉంటుంది. స్టెయిన్‌లెస్ స్టీలు బద్దీ, ఇనుప రేకు కలిస్తే పోయేది రేకు. అల్యూమినియం బద్దీ, ఇనుప రేకు కలిస్తే పోయేది బద్దీ. దాని మీద తెల్లటి పొడి కనిపిస్తుంది. పోయే లోహం చిన్నదీ, మిగిలే లోహం పెద్దదీ అయితే మరీ ప్రమాదం, నష్టమంతా ఆ చిన్నదాని మీదే పడుతుంది. అంత పొడుగు స్టెయిన్‌లెస్ బద్దీకి చిటికెడు ఇనుప స్క్రూ బిగించమన్న మేధావిని నేనే.

మూడోది సిలికాన్. బజారులో చవగ్గా దొరికే రకం ఆరేటప్పుడు వెనిగర్ వాసన కొడుతుంది. వాసనే కాదు, వచ్చేది నిజంగానే ఆ పుల్లటి యాసిడ్. రంగు పోయి బయటపడిన ఇనుము మీద దాన్ని పూశామంటే తుప్పుకి బొట్టుపెట్టి పిలిచినట్టే.

2023 వేసవిలో మామయ్య ఫోన్ చేశాడు. లప్పం ఊడి చిల్లుల చుట్టూ మళ్లీ తుప్పు పట్టిందట. మద్రాసులో ఉద్యోగం చేసే మా బావ అప్పటికే ఒక నిర్ణయానికొచ్చాడు. "చిల్లులన్నీ వెల్డింగు పెట్టి మూసేద్దాం నాన్నా. చిల్లు లేకపోతే తుప్పు లేదు. బీడింగు లేకపోతే కారు నడవదా?"

బావ చెప్పినదాంట్లో తప్పేం లేదు. కారు బతకాలంటే అదే తేలిక మార్గం. మామయ్య కాసేపు ఆలోచించి, "నిజమేరా. పళ్లన్నీ పీకేస్తే పిప్పిపన్ను కూడా రాదు" అన్నాడు.

చివరికి ఒప్పందం కుదిరింది. బీడింగులు ఈసారి సరైన పద్ధతిలో పెట్టాలి. వానలు పోయాక, సంక్రాంతికి, బావ తనకి నచ్చిన ఒక బీడింగు విప్పి చూస్తాడు. వెనక తుప్పుంటే కారు అమ్మెయ్యాలి. మద్రాసులో కొనేవాడు సిద్ధంగా ఉన్నాడు. మామయ్య "సరే" అన్నాడు. ఆయన వయసు అప్పటికి 78. కారు తోలడం మానేసి నాలుగేళ్లయింది. రోజూ సాయంత్రం షెడ్డులోకెళ్లి టాపు దించి కాసేపు అందులో కూర్చుంటాడు, అంతే. ఆ 'సరే' వినగానే నాకు చెమటలు పట్టాయి. 2012 నాటి స్క్రూలు నావి కదా!

ముత్తుకూరు నుంచి ఒక టింకరింగు మేస్త్రీని పిలిచాం. చిల్లుల చుట్టూ పుచ్చిన రేకు కోసేసి కొత్త రేకు అతికించాడు. ఇప్పుడు పాత చిల్లులు లేవు. కొత్తవి ఎక్కడ వెయ్యాలి? మామయ్య లోపలికెళ్లి ఒక నోటుబుక్కు తెచ్చాడు. 2015లో విప్పినప్పుడే తలుపు అంచు నుంచి ఒక్కో చిల్లు ఎంత దూరం, కింద మడత నుంచి ఎంత ఎత్తు అని అడుగుబద్దతో కొలిచి రాసిపెట్టాడు. కుడి, ఎడమ, ముందు, వెనక... ప్రతి బద్దీకీ లోపలి పక్క ఒక నంబరు. లెక్కల మాస్టరంటే అదీ! ఎనిమిదేళ్లు బీడింగుల్ని అటక మీద పడేశాడనుకున్నాం గానీ, మళ్లీ పెడతానన్న ఆశ పుస్తకంలో భద్రంగానే ఉంది. మీరెప్పుడైనా ఇలాంటివి విప్పాల్సి వస్తే ముందు కొలతలు రాయండి, ఫోటోలు తియ్యండి. విప్పాక అన్ని బద్దీలూ ఒకేలా కనిపిస్తాయి.

చిల్లులు రంగు వెయ్యకముందే వెయ్యాలి. తర్వాత వేస్తే అంచు దగ్గర ఇనుము బట్టలిప్పుకుని నిలబడుతుంది. అంచులు ఆకురాయితో నున్నగా చేసి, జింకు ప్రైమరు కొట్టి, ఆ పైన రంగు. రంగు ఆరాక ప్రతి చిల్లు అంచుకీ సన్న కుంచెతో మళ్లీ ఒక పూత. అద్దాలు పెట్టుకున్నా మామయ్యకి చిల్లు సరిగ్గా ఆనలేదు. కుంచె నాకిచ్చి లెక్కపెట్టే పని ఆయన తీసుకున్నాడు. "పదకొండు... పన్నెండోది వదిలేశావు అల్లుడూ."

క్లిప్పుల కోసం మద్రాసు పుదుపేట వెళ్లాను. పాత కార్ల సామాను దొరికే బజారది. మొదటిసారి ఉత్త చేతులతో వెళ్లి తెచ్చినవి ఒక్కటీ సరిపోలేదు. రెండోసారి బీడింగు ముక్క చేతిలో పట్టుకెళ్లాను. చూడాల్సిన కొలతలు మూడు. బద్దీ లోపలి గాడి వెడల్పు, రేకులో చిల్లు వ్యాసం, రేకు మందం. ఈసారి నైలాన్ క్లిప్పులు తీసుకున్నాను. నైలాన్ లోహం కాదు కాబట్టి బద్దీకీ రేకుకీ మధ్య తగాదా పెట్టదు.

బద్దీల్లో రెండు సొట్టలు పోయాయి. ఇసక మూట మీద బోర్లా పెట్టి, వెనక నుంచి చెక్కముక్క ఆనించి చిన్న సుత్తితో నెమ్మదిగా తట్టాం. తొందరపడి ఒక్క దెబ్బ గట్టిగా వేస్తే లోపలి సొట్ట బయటి బొడిపె అవుతుంది. తర్వాత 600 నంబరు వాటర్ పేపరుతో మొదలెట్టి 2000 దాకా, ఆ పైన బఫింగు. గిన్నెలు తోమే ఇనుప పీచు మాత్రం వాడకూడదు. దాని తునకలు స్టెయిన్‌లెస్ మీద ఉండిపోయి, మర్నాటికి అవే తుప్పు చుక్కలవుతాయి. అద్దం చుట్టూ ఉండే అల్యూమినియం బద్దీలు చూసి అత్తయ్య చింతపండు తెచ్చింది. ఇత్తడి బిందెకి చింతపండు మంచిదే. అల్యూమినియం మీద ఉండే రక్షణ పొరకి పులుపూ పడదు, కారమూ పడదు. సబ్బునీళ్లే మేలని చెబితే, "మీ కారుకి నా బిందెకున్నంత ఓపిక కూడా లేదు" అని తీసుకెళ్లిపోయింది.

ఇక బిగించడం. నల్లటి జిగురు ముద్దలా ఉండే బ్యూటైల్ టేపు దొరుకుతుంది. ఆరదు, గట్టిపడదు, పులుపు వాసన రాదు. దాన్ని ఒక్కో క్లిప్పు మెడ చుట్టూ రింగులా పెట్టి చిల్లులోకి నొక్కాలి. ముయ్యాల్సింది చిల్లుని, బీడింగుని కాదు. బద్దీ కింది అంచు తెరిచే ఉండాలి. దిగిన నీళ్లు కారిపోవాలి. తలుపు లోపలి పక్క నుంచి క్లిప్పు కొసల మీద కారు మైనం కొట్టాం.

హెరాల్డ్‌లో పక్క గీత మూడు ముక్కలు. బానెట్ మీద ఒకటి, తలుపు మీద ఒకటి, వెనక ఒకటి. మూడూ ఒక్క గీతలా కలవాలి. మొదటిరోజు కారుని రాళ్ల మీద ఎత్తి నిలబెట్టి, దారం కట్టి, అంతా సరిచూసుకుని వెనక ముక్క, తలుపు ముక్క బిగించాం. బ్రహ్మాండంగా కలిసింది. చక్రాల మీదికి దించగానే 3 మిల్లీమీటర్లు తేడా! ఇనుప కప్పున్న కారుకి కప్పే వెన్నెముక. టాపు మడిచే కారుకి అది లేదు. బరువు ఎక్కడ పడితే అక్కడికి ఒళ్లు కొంచెం వంగుతుంది. మళ్లీ విప్పి, ఈసారి కారు తన చక్రాల మీద ఉండగా, మామయ్యని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, తలుపుల సందులు సరిచేసి బిగించాం. ముందు కదలని వెనక ముక్క, దాన్ని చూసి తలుపు, తలుపుని చూసి బానెట్. తలుపు బద్దీ ముందు కొస దగ్గర 2 మిల్లీమీటర్లు వదిలాం. లేకపోతే తలుపు తెరిచిన ప్రతిసారీ పక్క రంగు గీకేస్తుంది. బద్దీని మధ్యలో కొట్టకూడదు. ఒక కొస నుంచి అరచేత్తో నొక్కుకుంటూ పోతే ఒక్కో క్లిప్పు 'టక్' మంటుంది. ఆఖరిది మామయ్య నొక్కాడు. వేళ్లు వణుకుతుంటే రెండో చెయ్యి సాయం పెట్టుకున్నాడు. టక్.

ఆ డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చింది. 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటేలోపు నెల్లూరు జిల్లాని ముంచెత్తింది. షెడ్డు మీద రేకులు రెండు లేచిపోయి, ఉప్పు గాలీ వానా కలిసి కారుని కొట్టాయి. ఫోన్లో మామయ్య గొంతు మామూలుగానే ఉంది. "తడిసింది అల్లుడూ. మంచినీళ్లతో కడిగి తుడిచినా. చూద్దాం."

2024 సంక్రాంతికి బావ వచ్చాడు. డ్రైవరు పక్క తలుపు చూపించాడు. అప్పట్లో అన్నిటికంటే ఎక్కువ పుచ్చింది అదే. గుడ్డ చుట్టిన చెక్క ఆప్ పెట్టి మెల్లగా విప్పాను. ఏడు చిల్లులు. ఒక్కొక్కటీ టార్చి వేసి చూశాం. ఆరు కొత్త రంగులా మెరుస్తున్నాయి. ఏడోదాని కింది అంచున మినపగింజంత గోధుమ మచ్చ. అక్కడ బ్యూటైల్ కొంచెం తక్కువ పడింది.

ఎవరం మాట్లాడలేదు. మామయ్యే అన్నాడు. "తుప్పు తుప్పే కదరా. అన్న మాట ప్రకారం నువ్వు చెప్పు, ఎవరికి ఎప్పుడివ్వాలో."

బావ వంగి ఆ మచ్చని గోటితో గీకాడు. కింద గట్టి రేకే ఉంది. కాసేపటికి నా వైపు తిరిగి, "ఆ ప్రైమరు డబ్బా ఎక్కడ పెట్టావురా?" అన్నాడు.

అప్పట్నుంచీ ప్రతి సంక్రాంతికీ ఒక బీడింగు విప్పడం మా ఇంట్లో ఆనవాయితీ అయింది. భోగి మంటకి చలి కాచుకోవడం, గొబ్బెమ్మలు, తర్వాత షెడ్డు. ఏ ఏడు ఏది విప్పామో నోటుబుక్కులో రాసేది మాత్రం బావే.

మీ దగ్గర హెరాల్డ్ ఉండకపోవచ్చు. ఇప్పటి కార్లలో చాలావాటికి బీడింగులు చిల్లులతో కాదు, రెండు వైపులా అంటుకునే నురగ టేపుతో పెడుతున్నారు. పేరు అక్షరాలు విప్పాల్సి వస్తే చాకులు, స్క్రూడ్రైవర్లు వద్దు. గాలం దారం వెనక నుంచి రంపంలా లాగితే టేపు తెగుతుంది, రంగు చెడదు. మీది సముద్రం దగ్గరి ఊరైతే మాత్రం ఒక పని చెయ్యండి. కారు కడిగేటప్పుడు మెరిసే భాగాన్ని తుడిచి సంతోషపడకుండా, బీడింగు కింది అంచులోకి మంచినీళ్లు కొట్టండి. తలుపు కిందుండే నీళ్లు పోయే చిల్లుల్ని చీపురు పుల్లతో తెరవండి. ఎక్కడైనా రంగు కింద మినపగింజంత పొక్కు వేలికి తగిలితే వచ్చే ఆదివారానికి వాయిదా వెయ్యకండి. నేనొకసారి వేశాను. ఎనిమిదేళ్లు పట్టింది.